లారీకి దొరువు నీళ్ళు

శనివారం పొద్దున వంటింటి వెనక తలుపు తీయగానే నాకు ముందుగా తగిలేది తడిసిన తుప్పు వాసన. పొయ్యి మీద పాలల్లో ఏలకులు మరుగుతుంటాయి, హాల్లో నిన్న వేసిన ధూపం ఇంకా తెరలకు పట్టుకునే ఉంటుంది, బట్టలుతికే మిషన్లోంచి సబ్బు వాసన వస్తుంటుంది, అయినా వీటన్నిటినీ పక్కకు తోసి ఆ వాసనే వచ్చి ముక్కులో కూచుంటుంది. ఉప్పుబురద, పాత ఇనుము, దాని మీద పడిన చల్లటి నీళ్ళు, ఈ మూడూ కలిసిన వాసన. కువైటులో, సబా అల్ సలేంలో నేను పనిచేసే ఇంటి వాకిట్లో చలికాలం పొడుగూతా ప్రతి శనివారం ఇదే పని. డ్రైవరు సుబ్బరాయుడు పంట్లాం మోకాళ్ళ దాకా మడుచుకుని, గొట్టం పట్టుకుని, వానెత్‌ను కడుగుతుంటాడు. వెనక తొట్టి ఉండే బండిని ఇక్కడ వానెత్ అంటారు.

ఈ ఇంట్లో మంచి కార్లు నాలుగున్నాయి. వాటిని చలికాలం గుడారాల దగ్గరికి తీసుకుపోరు. ఫహాహీల్ దాటి ఇంకా కిందకు పోతే సముద్రం పక్కన చవుడు నేలలు ఉంటాయి, వీళ్ళు అక్కడ గుడారాలు వేసి గురు శుక్రవారాలు గడుపుతారు. ఒక వాన పడిందంటే చాలు, పైన పెంకులా గట్టిగా కనిపించే నేల లోపల పెరుగులా అయిపోతుంది, చక్రం దిగబడుతుంది, ఆ ఉప్పుబురద ఎగిరి బండి అడుగంతా అంటుకుంటుంది. అందుకని ఇంటి పెద్దకొడుకు చలి మొదలవగానే షువైఖ్‌లో పాత బండ్లు అమ్మే షెడ్ల దగ్గరికి పోయి, పాత ఇనుము ధరకు దొరికే ముసలి వానెత్ ఒకటి కొనుక్కొస్తాడు. కట్టెలు, తివాచీలు, గొర్రెపిల్ల, నీళ్ళ డబ్బాలు అన్నీ అందులోనే. చలి తగ్గేసరికి దాని అడుగు జల్లెడ అవుతుంది. ఇనపసామాను వాళ్ళొచ్చి ఎత్తుకుపోతారు. మళ్ళీ చలికాలానికి ఇంకోటి. తుప్పు పట్టడానికని చెప్పి బండి కొనే మనుషులుంటారని నాకు ఈ ఇంటికొచ్చాకే తెలిసింది.

సుబ్బరాయుడిది రాయచోటి పక్క. కువైటుకు వచ్చేదాకా సముద్రం ఎలా ఉంటుందో చూడలేదట. ఆ వానెత్‌ను ముసలి గాడిద అంటాడు, పొద్దున్నే దాన్ని పలకరిస్తాడు, స్టార్టు కాకపోతే మేం మామా అని పిలిచే ఇంటావిడ అరవకముందే దాన్ని బతిమాలుకుంటాడు. దాని అడుగు ఎలా పాడైపోతుందో అతనికి వింత. నాకు వింత కాదు. నేను ఉప్పులో పుట్టినదాన్ని.

మా ఊరు నెల్లూరు కింద, సముద్రానికీ కాలవకూ మధ్య సన్నటి పట్టీ లాంటి నేల మీద ఉండేది. తూర్పున ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, వాటి వెనక సముద్రం హోరు. పడమట పడవలు పోయే పెద్ద కాలవ. నడుమ కంటికి ఆనినంత మేరా ఉప్పు మళ్ళు. చలి తగ్గుముఖం పట్టాక మళ్ళలో దిగి ఆడా మగా వరసగా నిలబడి పాదాలతో అడుసు తొక్కి తొక్కి నేలను చాప పరిచినట్టు చదును చేసేవాళ్ళు, తర్వాత ఉప్పుకాలవ నీళ్ళు ఒక మడి నుంచి ఇంకో మడికి తిప్పేవాళ్ళు, చివరి మడికి వచ్చేసరికి ఆ నీళ్ళు నూనెలా చిక్కబడేవి. ఎండలు ముదిరితే పొద్దుటిపూట వాటి మీద పాల మీద మీగడ కట్టినట్టు ఉప్పు కట్టేది. మా నాయన పొడుగు కర్రకు పలక కొట్టిన పారతో దాన్ని గట్టు మీదకు లాగుతుంటే గరగరమని వచ్చే ఆ చప్పుడు, కళ్ళు మండే ఆ తెల్లదనం, గాలి మళ్ళినప్పుడు పెదాల మీద వచ్చి వాలే ఉప్పు రుచి, ఇవన్నీ నేను నోటితో చెప్పగలనుగానీ ఎవరికైనా చూపించాలంటే చూపించడానికి ఏమీ మిగల్లేదు.

మాకు ఆటలన్నీ ఉప్పు కుప్పల మీదే. తాటిమట్ట మీద కూచుని కుప్ప పైనుంచి కిందకు జారేవాళ్ళం, గౌను వెనక పక్క చిరిగిపోయేది, తొడలు గీరుకుపోయి ఆ గీతల్లో ఉప్పు దిగి ఏడ్చేవాళ్ళం, ఏడుస్తూనే మళ్ళీ ఎక్కేవాళ్ళం. రేగ్గాయంత ఉప్పుగడ్డ నోట్లో పెట్టుకుని ఎవరు ఎక్కువసేపు ఉమ్మకుండా ఉంటారో పందెం. నేను ఎప్పుడూ గెలిచేదాన్ని. ఇంట్లో రాగిసంకటి, ఎండుచేపల పులుసు, పచ్చి చింతకాయ తొక్కు. మా అమ్మ పులుసులో ఉప్పు చేత్తో వేసేది కాదు, మడి నుంచి వచ్చిన తన చేతులు కడగకుండా అందులో ముంచితే సరిపోతుందని నాయన నవ్వేవాడు. ఆయన సాయంత్రం చుట్ట వెలిగించుకుని గడపలో కూచుని, పగిలిన కాలిమడమల్లో వేడి మైనం పోయించుకునేవాడు.

మా దగ్గర లేనిదల్లా మంచినీళ్ళు. ఊరి బావి ఉప్పుది. తాగే నీళ్ళు ఇసుక దిబ్బల అవతల దొరువులో దొరికేవి. దొరువంటే ఇసుకలో తవ్వుకున్న పల్లపు గుంట. వానకు దిబ్బలు తాగిన నీరంతా మెల్లగా అందులోకి ఊరేది. మెట్లు లేవు, ఇసుకలో పాదం ఆనించుకుంటూ దిగాలి, చిప్పతో తోడి బిందె నింపాలి, నిండాక మళ్ళీ ఊరేదాకా కూచోవాలి. ఆ నీళ్ళు చల్లగా, కాస్త సరుగుడాకు వాసనతో ఉండేవి. బిందె నెత్తిన పెట్టుకుని దిబ్బ ఎక్కి దిగితే పల్లేరుకాయలు అరికాళ్ళ నిండా గుచ్చుకునేవి. పోయి రావడానికి అన్నం ఉడికేంత సేపు పట్టేది.

ఇక లారీ సంగతి. ఉప్పు ఎండాకాలం పండుతుంది, కానీ ధర వచ్చేది చలికాలం. వానలకు ముందే కుప్పలకు తాటాకు కప్పి, కట్లు బిగించి, కార్తీకం దాకా ఆగితే రేటు వచ్చేది. అయితే అప్పటికి మళ్ళ నుంచి పెద్దరోడ్డుకు పోయే కట్టబాట పాడయ్యేది. వానకు నానిన బాట మీద ఎడ్లబండ్లు ఇరుసు దాకా దిగబడేవి. బస్తాల్లోంచి రాలిన ఉప్పు ఆ బురదలో కరిగి కరిగి, బాట బాటంతా ఉప్పునీళ్ళ మడుగు అయ్యేది. కొనేవాళ్ళ లారీలు పెద్దరోడ్డు దాటి లోపలికి వచ్చేవి కావు. రోడ్డు దాకా ఉప్పు చేర్చగలిగినవాడిదే ధర. లేనివాడు వాళ్ళు చెప్పిన రేటుకు కుప్ప దగ్గరే ఇచ్చి దణ్ణం పెట్టేవాడు. మా నాయన ఏటా ఇచ్చి దణ్ణం పెట్టినవాడే.

మా అమ్మ తమ్ముడు యోసేపు మామ ఓడరేవులో ఉప్పులారీల మీద క్లీనరుగా చేరి డ్రైవరైనవాడు. ఇరవై ఏళ్ళ వాడు, చెవుల మీద దాకా జుట్టు, ఎప్పుడూ ఏదో ఒకటి ఈలవేస్తుండేవాడు. అతనే నాయనకు నూరిపోశాడు, అడ్డదిడ్డం బాటకు కొత్త బండి ఎందుకు, చవగ్గా వచ్చే ముసలి లారీ చాలు, నాలుగు చలికాలాలు లాగితే దాని పని అయిపోయినా మన పని అవుతుందని. అమ్మ చెవుల కమ్మలు, మాకున్న ఒకే బర్రె, నాయన తల తాకట్టు పెట్టి తెచ్చిన అప్పూ కలిసి కార్తీకంలో ఒక మధ్యాహ్నం ముక్కు పొడుగ్గా ముందుకొచ్చిన ఒక నీలం లారీ అయి ఊళ్ళోకి వచ్చింది. ఒక కంటికి దీపం లేదు. ముందు కడ్డీ పెట్టి తిప్పితే దగ్గి దగ్గి లేచేది. పిల్లలమంతా దాని వెనక పొగలో పరిగెత్తాం. పాస్టరుగారు దాని ముక్కు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, ఆయన అటు వెళ్ళాక నాయన ఎందుకైనా మంచిదని దాని కింద నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు.

మామకు ఒక నియమం ఉండేది. ఉప్పుబండి పొద్దుగూకే వేళకు మంచినీళ్ళతో కడగాలి, రోజూ, పైనా కిందా. వారానికోసారి పడవలకు పూసే సొరనూనె దాని అడుగంతా పూయాలి. ఆ నూనె కంపుకు మా వీధిలో కుక్కలన్నీ లారీ కింద చేరేవి. నూనెకు అమ్మ ఏమీ అనలేదు, నీళ్ళ దగ్గరే గొడవ పెట్టుకుంది.

“మనుసులు గొంతు తడుపుకోను లేవుగానీ, ఈ ఇనప్పెట్టెకి మంచినీళ్ళ తానం కావాల్సొచ్చిందా?” అంది.

“ఇయ్యాల్సిందే అక్కా,” అన్నాడు మామ. “దీనికి నీళ్ళు తాపకపోతే ఇది మనల్ని తాగుద్ది.”

పన్నెండు బిందెలు లెక్క. అమ్మా నాయనా పగలంతా బస్తాలు మోయాలి, మామ తోలాలి. ఇంట్లో మిగిలింది నేను. పదేళ్ళదాన్ని, మూడో తరగతి. పైగా లారీ అడుగున దూరి కొబ్బరిపీచుతో రుద్దగలిగేంత చిన్న ఒళ్ళు నాకొక్కదానికే ఉంది. ఒక సోమవారం పొద్దున నేను పలక తీసుకుంటుంటే అమ్మ నా చేతిలోంచి దాన్ని తీసి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టింది. నన్ను బడి మాన్పించామని ఇంట్లో ఎవరూ అనలేదు. లారీ పని నిలదొక్కుకునేదాకా అన్నారు అంతే. నాకు ఇప్పటికీ నా పేరు రాయడం వచ్చు, ‘క’ గుణింతం సగం దాకా వచ్చు.

పని ఎలా ఉండేదంటే, పొద్దు వాలే వేళకు లారీ వచ్చి మా ఇంటి పక్కన ఆగేది. అప్పటికే నేను బిందెలు మోసి ఆరో ఏడో తొట్టిలో పోసి ఉంచేదాన్ని. మామ దిగి, మొహం కడుక్కుని, టీ తాగుతుంటే నేను కడిగేదాన్ని. అయ్యాక వచ్చి పరీక్ష చేసేవాడు. ఆ పరీక్ష వేరే ఎవరైనా చేస్తారేమో నాకు తెలియదు, మా ఉప్పు మనుషులే చేస్తారనుకుంటా. ముక్కు మీద ఒకసారి, తలుపు మీద ఒకసారి, ముందు చక్రం పైన రేకు మీద ఒకసారి వేలు రాసి నాలుకకు పెట్టుకునేవాడు. ఉప్పగా తగిలితే మళ్ళీ కడగాలి. చప్పగా ఉంటే తల ఊపేవాడు.

చలి ముదిరి క్రిస్మసు దగ్గరికి వచ్చింది. మా పేటలో అవి మంచి రోజులు. గోడలకు సున్నం, వెదురు బద్దలతో కాగితం నక్షత్రాలు, ఇంటింటా అరిసెల పాకం వాసన, నువ్వుల వాసన, కజ్జికాయలు ఒత్తుతూ ఆడవాళ్ళు చెప్పుకునే ఊరి సంగతులు. గుళ్ళో పిల్లలతో నాటకం వేయిస్తున్నారు. మాటలున్న వేషాలు బడికి పోయే పిల్లలకు ఇచ్చారు, దేవదూతకు చదవడం రావాలి కదా. నాకు గొర్రె వేషం ఇచ్చారు. పశువుల పాక పక్కన నాలుగు కాళ్ళ మీద ఉండి, ఒకసారి అరవాలి. గోనెసంచికి గంజితో బూరుగుదూది అంటించి నా వేషం నేనే చేసుకున్నాను. నాటకం నేర్పేది పొద్దువాలే వేళకే. సరిగ్గా లారీ వచ్చే వేళకు.

మొదటి నాలుగు రోజులు ఏడ్చాను. అయిదో రోజు నాకు ఒక ఉపాయం తట్టింది. ఉప్పుకాలవ మా ఇంటి వెనకే, పది అడుగుల్లో ఉంది. పైన కడగడానికి నాలుగు బిందెల దొరువు నీళ్ళు చాలు. అడుగు కడగడానికి కదా ఎనిమిది బిందెలు పడుతున్నాయి. మామ వేలు రాసేది పైనే. లారీ అడుగు ఎవరు నాకి చూస్తారు?

ఆ రోజు నుంచి అడుగంతా ఉప్పుకాలవ నీళ్ళతో కడిగాను. డబ్బాతో ముంచి ముంచి కొట్టాను, తక్కువ చేశానని ఎవరూ అనకుండా గొట్టాల సందుల్లో, చక్రాల వెనక, ఎక్కడెక్కడ బురద పట్టిందో అక్కడల్లా బాగా పోశాను. అక్కడే ఉంది నా పాపం, సోమరితనంగా వదిలేసి ఉంటే బహుశా అంత ఉండేది కాదు. పైన మాత్రం దొరువు నీళ్ళతో అద్దంలా కడిగాను. మామ వచ్చి వేలు రాసి నాలుకకు పెట్టుకుని, “బాగా కడిగినావు మే సువార్తా, నీ చేతిలో దీనికి వయసు తగ్గింది,” అని నా నెత్తి మీద చెయ్యేసి ఊపాడు. నేను గుడికి పరిగెత్తాను.

దాదాపు నెల అలా జరిగింది. ఒక రోజు అమ్మ బస్తాల దగ్గర నుంచి పెందలాడే వచ్చింది. నేను ఉప్పుకాలవలో మోకాళ్ళ దాకా దిగి డబ్బా ముంచుతున్నాను. అమ్మ నన్ను చూసింది, నా చేతిలో డబ్బాను చూసింది, లారీని చూసింది. తర్వాత ఇంట్లోకి పోయి, కొన్నాళ్ళుగా నిండుగా ఉంటున్న మా తాగే నీళ్ళ కుండ మూత తీసి, ఒక చెంబు ముంచుకుని, నిలబడి మొత్తం తాగింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పలేను.

క్రిస్మసుకు ఇంకా మూడు రోజులుంది. మధ్యాహ్నం. నిండా బస్తాలతో లారీ కట్ట మీద నుంచి కాలవ వంతెన వైపు దిగుతోంది. ఆ దిగుడులో ముందు ఆరుగురు ఆడవాళ్ళు ఖాళీ గంపలతో నడుస్తున్నారు, వాళ్ళలో మా అమ్మ ఉంది. మామ బ్రేకు తొక్కితే అది మెత్తగా కిందికంటా పోయింది. హారన్ కూడా పనిచేసేది కాదు ఆ లారీకి. కేక వేశాడట, హోరుగాలికి వాళ్ళకు వినపడలేదు. అప్పుడు చక్రం పక్కకు కోసి లారీని కట్ట మీద నుంచి పల్లంలోకి దించేశాడు. లారీ పక్కకు ఒరిగింది. మామ కుడికాలు తలుపుకూ నేలకూ నడుమ ఉండిపోయింది. బస్తాలు పగిలి, ఉప్పంతా పల్లంలో ఉన్న వాననీళ్ళలో పడి, మనుషులు వచ్చి లారీని లేపేసరికి సగం కరిగిపోయింది. అతను ఆ ఉప్పునీళ్ళలో, ఆ కాలుతో, అంతసేపు పడి ఉన్నాడు. గాలి మా ఇంటి వైపు ఉందేమో, అతని అరుపు నాకు ఇంటి దగ్గరికి వినపడింది. నేను దొరువుకు పోవడానికి బిందె ఎత్తుకుంటున్నాను.

ఊళ్ళో పండగ వారం కదా, తాగి తోలాడన్నారు. నాయన కూడా అన్నాడు. మామ ఆ రోజు చుక్క ముట్టలేదు. పదిరోజులయ్యాక పట్నం నుంచి మెకానిక్కు వచ్చి లారీ కిందకు దూరి, బ్రేకు నూనె పోయే సన్నగొట్టం ముక్క విరిచి తెచ్చి చూపించాడు. వేలితో నొక్కితే మాడిన అప్పడంలా పొడి అయింది. అడుగు ఎప్పుడైనా కడిగారా అని అడిగాడు. మామ మంచం మీద ఉన్నాడు, కాలికి బద్దలు కట్టి ఉన్నాయి. నాయన, అమ్మ, ఇంకా నలుగురు పెద్దమనుషులు ఉన్నారు. నేను తలుపు వెనక ఉన్నాను.

“కడిగించే పని నాది,” అన్నాడు మామ. “పైపైన చూసి ఊరుకున్నా. తప్పు నాదే.”

అలా అన్నప్పుడు అతను నా వైపు చూడలేదు. తెలియక చూడలేదో, తెలిసే చూడలేదో.

ఆ లారీ పాతదే. నేను దొరువు నీళ్ళే పోసినా ఆ గొట్టం ఆ చలికాలమే పోయేదేమో, అంతకుముందు ఓడరేవులో తిన్న ఉప్పు ఎంతుందో. ఈ మాట నాకు నేను చెప్పుకున్నాను, చాలాసార్లు. చెప్పుకున్నప్పుడు బాగానే ఉంటుంది. లారీని ఇనుము కింద ఇచ్చేశారు. నాయన మళ్ళీ కుప్ప దగ్గరే ఉప్పు ఇచ్చి దణ్ణం పెట్టడం మొదలుపెట్టాడు. నా పలక అటక మీదే ఉండిపోయింది. గోనెసంచి వేషాన్ని ఎలుకలు కొట్టాయి.

మామ కాలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది, మోకాలు మడత పడేది కాదు. ఇక స్టీరింగు పట్టలేదు. ఈల వేయడం మానేశాడు. ఎవరూ పిల్లనివ్వలేదు. నాకు పదహారేళ్ళు వచ్చాక అమ్మ ఒక మధ్యాహ్నం నా జడ అల్లుతూ, వెనక నుంచి, నా మొహం చూడకుండా అంది.

“వాడి కాలికి మనమే దిక్కు. నీకు తెలుసు, నాకు తెలుసు.”

అంతే అంది. ఆ మాట ఇంకెప్పుడూ అనలేదు, చనిపోయేదాకా. మేనమామను చేసుకోవడం మాలో మామూలే కాబట్టి ఊళ్ళో ఎవరికీ ఏమీ అనిపించలేదు. సువార్త మంచి పిల్ల, కుంటివాడికి ఒప్పుకుంది అన్నారు.

ముప్పై మూడేళ్ళు కాపురం చేశాం. పిల్లలు నిలవలేదు. అతను చేపల వలలు అల్లాడు, కూచుని చేసే పని ఏది దొరికితే అది చేశాడు. మంచివాడు. చలికాలం కాలు లాగేది, అప్పుడు నేను వేడినూనె రాసేదాన్ని, ఇవాళ చెప్పాలి అనుకుంటూ రాసేదాన్ని. కాలు లాగుతున్నవాడికి ఎలా చెప్తాం? లాగని రోజు నవ్వుతూ ఉండేవాడు. నవ్వే రోజు ఎలా చెప్తాం? అలా రోజులు గడిచాయి. ముప్పై ఎనిమిదో ఏట కువైటుకు వచ్చాను, అతని మందులకూ ఇంటి పైకప్పుకూ. ఇక్కడికొచ్చాక దూరం వల్ల కొంచెం ధైర్యం వచ్చింది. మూడేళ్ళ కిందట ఒక శుక్రవారం ఫోన్లో, నీకో మాట చెప్పాలి, చిన్నప్పటిది, అన్నాను.

“ఇప్పుడొద్దులే, పొయ్యి మీద పులుసుంది,” అన్నాడు. “వచ్చినాక తీరిగ్గా చెప్దువు.”

ఇరవై రోజుల తర్వాత నిద్రలోనే పోయాడు. నా ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కాయితాలు, అప్పుడు కొత్తవి చేయడానికి ఆఫీసులో ఉన్నాయి. నేను పోయేసరికి సమాధి మీద సిమెంటు కూడా ఆరిపోయింది.

ఆ సారే ఊరంతా తిరిగి చూశాను. ఉప్పు మళ్ళు లేవు. వాటి బదులు రొయ్యల చెరువులు, గాలి కొట్టే చక్రాలు, కరెంటు తీగలు. సరుగుడు తోటలు కొట్టేశారు. దిబ్బలను లారీల కొద్దీ తవ్వుకుపోయారు, దిబ్బలు పోతే దొరువుకు ఇక నీరెక్కడిది, ఉన్న కాస్త గుంటలోకి చెరువుల నీళ్ళు ఊరాయి. చెప్పులు విడిచి దిగి దోసిట్లో పట్టి నోట్లో పోసుకున్నాను. ఉప్పు. ఇప్పుడు ఊరివాళ్ళు ఆటోలో వచ్చే డబ్బా నీళ్ళు కొనుక్కు తాగుతున్నారు. ఉప్పు పాకెట్లలో కొనుక్కుంటున్నారు. కట్టబాట తారురోడ్డు అయింది. లారీ ఒరిగిన చోటు ఏదో గుర్తుపట్టలేకపోయాను. అక్కడున్న కుర్రాళ్ళను అడిగితే ఇక్కడ ఉప్పు పండేదా అన్నారు.

ఇక్కడేమో సముద్రాన్ని మరిగించి మంచినీళ్ళు చేస్తారు. అవి గొట్టాల్లో ఇంటింటికీ వస్తాయి. సుబ్బరాయుడు వాటిని వాకిట్లో ధారగా వదిలేస్తాడు.

ఈ చలికాలం మొదటి వానకు వానెత్ చక్రాల దాకా తెల్లబురదతో వచ్చింది. నేను టీ తీసుకుని పోయి నిలబడ్డాను. అతను పైన కడిగి, గొట్టం చుట్టేస్తున్నాడు. కింద కడగవా అన్నాను. చలికాలం పోతే ఇనపసామానోడు ఎత్తుకుపోయేదానికి కింద ఎందుకక్కా, ఈ ఇంటి మామా చూసేది పైనే కదా అని నవ్వాడు. నేను వాకిట్లో చతికిలపడ్డాను. అక్కడే, టీ చల్లారిపోతుండగా, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. దొరువు, గొర్రె వేషం, డబ్బా, అమ్మ తాగిన చెంబు నీళ్ళు, గొట్టం ముక్క, అన్నీ. నలభై రెండేళ్ళలో మొదటిసారి నోటి నుంచి బయటికి వచ్చింది, అదీ రాయచోటి మనిషి దగ్గర, సముద్రం తెలియనివాడి దగ్గర. నేను లేచి లోపలికి పోయాక అతను గొట్టం మళ్ళీ విప్పి, నేల మీద వెల్లకిలా పడుకుని, కింద కడిగాడు. కిటికీలోంచి అతని కాళ్ళు మాత్రం కనిపించాయి.

సోమవారం షువైఖ్‌కు పోయి బ్రేకు గొట్టం మార్పించుకొచ్చాడు. పాతది చూపించమన్నాను. తుప్పు పట్టింది గానీ గట్టిగానే ఉంది. మెకానిక్కు ఈ చలికాలానికి ఇది ఆగేదే అన్నాడట. సుబ్బరాయుడు ఆ ముక్కను చెత్తడబ్బాలో వేసి, చేతులు తుడుచుకుని, రెండు రోజుల నుంచి దాని గురించే ఆలోచిస్తున్నట్టు అడిగాడు.

“నువ్వు చెప్పింటే ఆయప్ప ఏమనింటాడక్కా?”

నాకు ఆయన అన్నం ఎంత తింటాడో తెలుసు, ఏ పక్కకు తిరిగి పడుకుంటాడో తెలుసు, ఎవరి మీద కోపమొస్తే ఎన్నాళ్ళు మాట్లాడడో తెలుసు. లోపల ఇంటావిడ పిలుస్తోంది. తిడతాడో, నవ్వుతాడో, నాకు తెలుసులే అంటాడో, ఆ ఒక్కటీ నాకు తెలియలేదు.